సప్తాహంలో ఎండిన నెత్తళ్ళు

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న రామకోవెల అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. ఆయన కళ్ళకు పొర కమ్మాక ఆ అక్షరాలే ఆయనకు ఆసరా అయ్యాయి. సాయంత్రం భజనకు ముందు పెద్దలు చేరితే, నేను స్తంభం పక్కన నిలబడి పేపరు చదివేదాన్ని. వాళ్ళ మధ్య ఆడపిల్లకు మాట్లాడే హక్కు లేదు, చదివే హక్కు మాత్రం ఉంది. ఆ కాస్త ఇప్పించినందుకు మా నాన్నకు ఇప్పటికీ దేవుడితో పాటు దండం పెట్టుకుంటాను.

మాది భోగాపురం దాటాక సముద్రం వైపు ఊరు. పందొమ్మిది వందల అరవైల చివర్లో కెరటాలు ఒడ్డును కోసేస్తే, గుడిసెలు పోయిన కొన్ని జాలరి కుటుంబాలు మా ఊరి చివర ఇసుక దిబ్బ మీదకు వచ్చి చేరాయి. ఎవరూ వద్దనలేదు. ఆ వేసవిలోనే సప్తాహం వచ్చింది. ఏడు రోజులు రాత్రీ పగలూ రామనామం ఆగకూడదు, ఊళ్ళోకి చేపా మాంసం, ఏ నీసూ రాకూడదు. సేద్యం చేసుకునే మా ఇళ్ళలో ఆ వారం పప్పూ చారుతో గడిచిపోయేది.

అంతకు కొన్నాళ్ళ ముందు ఇంగ్లండు కబురొకటి చదివాను. అక్కడ ఒక ఊళ్ళో బస్సుల మీద పనిచేసే సిక్కులను తలపాగా తీసి టోపీ పెట్టుకోమన్నారట. మా ఊరి మునసబు తొడ చరిచాడు. “తలపాగా తియ్యమనడానికి ఆళ్ళెవులు? అది తీసేస్తే ఆ మనిసి ఆ మనిసేనా?”

నీసు సంగతి మునసబు జాలరి పెద్దకు చెబితే అతను తలూపాడు. అందరూ అక్కడితో సరి అనుకున్నారు. తెల్లారితే సప్తాహమనగా, దిబ్బంతా నెత్తళ్ళు, వేలెడంత చేపలు, ఆరబోసి ఉన్నాయి. పెద్దను కోవెల ముందుకు పిలిపించారు. వెనకే అతని కోడలు, నా ఈడుది, ఖాళీ బుట్ట చంకలో పెట్టుకుని వచ్చింది.

“ఏటే, మీ మావ ఒప్పుకున్నాడు గదా?” అన్నాడు మునసబు.

“మా మావ ఒప్పుకున్నాడు బాబూ. ఎండబెట్టీది నాను. నన్నెవులడిగారు?”

“ఒసే, నోర్ముయ్యే!” అన్నాడు మామ.

“ఏడు దినాలకీ బియ్యం, పప్పు ఊరే ఇస్తాది. ఇంకేటి గావాల మీకు?” అన్నాడు మునసబు.

“తిండికి కాదు బాబూ. వండొద్దంటే వండం, రాములోరు మాకూ దేవుడే. ఇప్పుడెండనిది వానల్లో ఏటమ్ముతాం? మొదటి సేప గంగమ్మకి ఎట్టకుండా వల ఎలాగ ముడతాం?” అంది కోడలు.

“సప్తాహంలో నీసు నైవేద్యమా!”

“మీ అమ్మోరి పండక్కి మేకపోతు గావాల. మా అమ్మోరికి సేప కూడదా?”

ఎవరో కిసుక్కుమన్నారు. మునసబు మొహం ఎర్రబడింది. “ఊరందరికీ ఒకే కట్టడి. పొద్దుగూకేలోగా తియ్యండి. లేప్పోతే మా కుర్రోళ్ళు తీస్తారు. దిబ్బ కూడా ఖాళీ సేస్తారు.”

పందిరి కోసం తెచ్చిన కర్రలు అప్పుడే కుర్రాళ్ళ చేతుల్లోకి వచ్చేశాయి. జాలరి పిల్ల కదల్లేదు. మా నాన్న చూపులేని కళ్ళు నావైపు తిప్పి, “పేపరు సదువమ్మా,” అన్నాడు.

ప్రసాదం పొట్లాలకని దాచిన పాత పేపర్ల కట్ట అరుగు మీదే ఉంది. రామా, నువ్వే దిక్కని అందులోంచి ఆ ఇంగ్లండు కబురు పైకి తీశాను. టోపీ అందరికీ ఒకటే నియమమనీ, కొందరి కోసం మార్చేది లేదనీ అక్కడి అధికారులు అన్న దగ్గర గొంతు కాస్త పెంచాను.

“ఇది సదివేసిందే గదా, అమ్మీ?” అన్నాడు మునసబు.

మళ్ళీ మొదటినుంచి అందుకున్నాను.

“నన్నే అంటందా మీ పిల్ల?” అన్నాడు మునసబు మా నాన్నతో.

“పేపర్లో ఉన్నదే సదువుతంది.”

“మావా, ఎల్లమంటావా?” కింద నుంచి కర్ర పట్టుకున్న ఒక కుర్రాడు మునసబును కేకేశాడు.

“ఉండరా!” మునసబు జాలరి పిల్ల వైపు తిరిగాడు. “అయితే మీ కట్టడేటో నువ్వే సెప్పు.”

చెప్పింది. పొయ్యి మీదకు నీసు ఎక్కదు. బుట్టలతో కోవెల ముందు నుంచి నడవరు, పొలం గట్టున పోతారు. ఆరబోసింది ఎండుతుంది. గంగమ్మ చేప గంగమ్మకు పెడతారు.

“గాలి ఇటు తిరిగితే?”

“తాటాకులు కప్పుతాం. గాలిని కట్టీలేం గదా బాబూ.”

మునసబు ఔనని అనలేదు. “ఆ కర్రలు పందిట్లో పాతండ్రా,” అన్నాడు.

అందరికీ ఒకే నియమం పెట్టినా, దాని బరువు అందరి మీదా ఒకేలా పడదని కొన్ని దేశాలు ఒప్పుకోవడం, దానికి బహుళ సంస్కృతి విధానమని పేరు పెట్టుకోవడం నేను తర్వాతి ఏళ్ళలో పేపర్లోనే చదివాను. చదివినప్పుడల్లా నాకు, మీ కట్టడేటో నువ్వే చెప్పమని మునసబు ఆ జాలరి పిల్లను అడగడమే గుర్తొచ్చేది.

అలాగని అంతా చల్లబడలేదు. భజనకు మేళం పట్టే ఒక ఇంటివాళ్ళు అలిగి ఆ సప్తాహానికి రానేలేదు. సగం రోజులు గడిచాక గాలి తిరిగింది. తాటాకులు ఆపలేకపోయాయి. భజన మధ్యలో వాసన కోవెలంతా నిండింది. ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు, పాట సన్నగిల్లింది. అందరి కళ్ళూ మునసబు మీదే. ఆయన లేస్తే ఆ దిబ్బ ఉండదు. మా నాన్న తాళాలు గట్టిగా మోగించి పాట శ్రుతి పెంచాడు. నేను ముక్కు మీది కొంగు తీసేసి పాట అందుకున్నాను.

మునసబు ఒకసారి దిబ్బ వైపు చూసి, కండువాతో ముక్కు తుడుచుకుని, కూర్చున్న చోటే కూర్చుని తల ఊపసాగాడు.