ఇడ్లీ బీరువాకు గొట్టం

నందిగామ బస్టాండు ఎదురుగా మా నాన్నకు టిఫిన్ హోటల్ ఉండేది. తొంభైల్లో ఆయన కట్టెల పొయ్యి, ఇడ్లీ గుండిగ తీసేసి, గ్యాసు మీద ఇడ్లీలు ఉడికించే స్టీలు బీరువా ఒకటి చేయించాడు. తలుపు మూస్తే రబ్బరు బిగుసుకుని చుక్క ఆవిరి కూడా బయటికి పోదు. గ్యాసు సగం ఆదా అని దాన్ని తయారుచేసిన మెకానిక్కు మీసం దువ్వుకుంటూ చెప్పాడు.

మర్నాడు పొద్దున బస్సు దిగినవాళ్లంతా మా హోటల్లోకి తొంగిచూసి, పక్క హోటల్‌కి వెళ్లిపోయారు. రోజూ మా దగ్గరే తినే మిరపకాయల వ్యాపారిని నాన్న ఆపి, సంగతేమిటని అడిగాడు.

"పొగలు రావట్లేదు కదండీ. ఇంకా పొయ్యి వెలిగించలేదేమో అనుకున్నా."

నాన్న బీరువా తెరిచి ఒక ఇడ్లీ తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన కాలిన వేళ్లు ఊదుకుంటూనే, "నిన్నటివి వేడి చేసినట్టున్నారండీ," అన్నాడు.

మా ఊరి జనం పొగ కనపడకపోతే ఇడ్లీని ఇడ్లీ అని ఒప్పుకోరు. నాన్నకు తిక్క రేగి, మెకానిక్కును పిలిపించి, బీరువాకు చిల్లు పెట్టి, ఆవిరి రోడ్డు మీదకి పోయేలా గొట్టం బిగించమన్నాడు.

"బంగారం లాంటి మిషన్ని పాడు చేస్తున్నారండీ," అని అతను ఏడ్చినంత పని చేశాడు. గొట్టం పెట్టాక జనం మళ్లీ వచ్చారు.

కొన్నాళ్లకు జగ్గయ్యపేటలో మా బంధువు ఒకాయన హోటల్ తెరిస్తే వెళ్లాం. అక్కడా అదే బీరువా, రోడ్డు వైపు అదే గొట్టం. పక్కన మా మెకానిక్కు మీసం దువ్వుకుంటూ చెబుతున్నాడు.

"ఇది కొత్త మోడల్ అండి. పాతవాటికి ఈ సౌకర్యం లేదు."