నడివాగు దాకనే మనది

మొన్న చేవెళ్ల నుంచి వస్తూ ఈసీ వాగు వంతెన మీద మనవరాలు కారు నడుపుతూనే, "అమ్మమ్మా, నువ్వు ఎప్పుడూ చెప్పే వాగు యాడున్నదే?" అని అడిగింది. "దాటేసినవు గద బిడ్డా!" అన్నాను. పాపం, దాని తప్పేముంది, అడుగున పిల్లకాలువంత నీళ్లు.

ఆ వాగు ఒకప్పుడు సరిహద్దు. నిజాం కాలంలో ఇవతల మా అత్తగారి ఊరు సర్కారుది, అవతలి ఊరు ఒక జాగీర్దారుది. వానాకాలం జనాన్ని దాటించే మనిషి నడివాగు మించితే అవతలి జవాన్లు పట్టుకుని కూర్చోబెట్టేవాళ్లట. అందుకని మనుషులను బెల్లం వండే పెద్ద ఇనుప కడాయిలో కూర్చోబెట్టి, మావాళ్లు నీళ్ల మీద సగం దాకా తోసుకెళ్లి, అక్కడ అవతలివాళ్లకు అప్పగించేవాళ్లు. జాగీర్లు పోయాయి, జవాన్లు పోయారు, ఈ అప్పగింత మాత్రం పోలేదు. ఎందుకని అడిగితే మా మామ "నడివాగు దాకనే మనది" అనేవాడు, ఇంకేం అడక్కన్నట్టు. ఎండాకాలం వస్తే అదే వాగు ఇసుకలో కర్బూజ తోటల దగ్గర జానెడు జాగకు రెండు ఊళ్లూ కర్రలు పట్టుకునేవి.

అరవై తొమ్మిదిలో నాకు తొలి కాన్పు. ఏ గోడ చూసినా 'జై తెలంగాణ', బస్సులు బంద్. మా ఇంటాయన గుమాస్తా, సమ్మెలో పట్నంలోనే చిక్కుకుపోయాడు. తెల్లవారుజామున మొదలైన నొప్పులు పొద్దెక్కినా తెగలేదు. మంత్రసాని చేతులెత్తేసి, "నాతోని గాదు, దవాఖానకు కొంచవోండ్రి" అంది. మిషను దవాఖాన అవతలి ఒడ్డున ఉంది. వాగేమో ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. పైగా ఆ వేసవి తోటల కొట్లాటలో అవతలి ఊరి ఆసామి తల పగిలింది. పగలగొట్టింది మా మామే! అప్పటి నుంచి రెండు ఊళ్లకూ మాటల్లేవు. వాళ్లు రాకుంటే నేనూ, కడుపులో బిడ్డా పోయినట్టే.

మా అత్త ఒడ్డున నిలబడి కొంగు ఊపుతూ, "ఓ అవతలోళ్లూ! రెండు పానాలు!" అని గొంతు చించుకుంది. అవతలి ఒడ్డున ఎవరూ కదల్లేదు. నేను కడాయిలో ముడుచుకుని "ప్రభువా, ప్రభువా" అంటున్నాను. మామ, ఇంకొందరు రొమ్ముల్లోతు నీళ్లలో కడాయిని తోసుకెళ్లి సరిగ్గా నడివాగులో ఆగిపోయారు. నీళ్లు గుంజుతుంటే అక్కడ ఆగడమేమిటో! అంత నొప్పిలోనూ నాకు ఒళ్లు మండిపోయింది. "ఎందుకాగినవ్ మామా!" అని అరిచాను. "గా నీళ్లు వాళ్లయి బిడ్డా" అన్నాడు.

అప్పుడు అవతలివాళ్లు అంగీలు విప్పి నీళ్లలోకి దిగారు. ముందున్న మనిషి నుదుటి మీద మచ్చ ఇంకా పచ్చిగా ఉంది, మామ తల పగలగొట్టిన ఆసామే. ఆయన వచ్చి కడాయి అంచు పట్టుకున్నాడు.

"కొట్లాట ఎండకాలం జూస్కుందం. మొదలు బిడ్డను ఇడువు" అన్నాడు ఆయన.

మామ వదల్లేదు. ఆయన భుజానికి భుజం ఆనించి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నడివాగు దాటాడు. నేను ఏడుపు మరిచి ఆ ఇద్దరి తడి వీపుల వైపే చూస్తుండిపోయాను.

పొద్దుగూకక ముందే ఈ మనవరాలి తల్లి పుట్టింది. ఆ ఇద్దరూ దవాఖాన మెట్ల మీద తడి ధోతులతో కూర్చుని ఒకే బీడీ తాగారట. ఇన్నేళ్లు బతికాను గానీ, మామ ఆ ఒక్క అడుగు వేసిన ఘడియంత పెద్ద కాలాన్ని నేను మళ్లీ చూడలేదు.