పుంగనూరు అత్త పిజ్జా

గురువారం పొద్దున మా పాప లంచ్‌బాక్సుకు మూత పెడుతుంటే పుంగనూరు నుంచి మా అత్త కొడుకు ఫోన్ చేశాడు. "వదినా, అమ్మ పాయ" అన్నాడు. రాత్రి ఎప్పటిలాగే పడుకుందట. తెల్లవారి దొడ్లో పొట్టి ఆవు అరుస్తున్నా లేవలేదట.

పాపకు చెబితే వెంటనే ఏడవలేదు. "ఆదివారానికని కాలీఫ్లవర్ తెప్పిచ్చినాం కదమ్మా" అంది. ఆ మాటకు నేను ఏడ్చాను. మదనపల్లె బస్టాండులో బస్సెక్కి ఇద్దరం పుంగనూరు చేరాం.

ఆమె మా నాన్నకు అక్క. మీలో ఎవరికీ ఆమె తెలియదు, తెలియాల్సినంత పెద్ద పనులేవీ చేయలేదు. డెబ్బైకి దగ్గరపడ్డ వయసులో పిజ్జా చేయడం నేర్చుకుంది, అంతే. ఆ పిజ్జా వల్ల నా కూతురు మళ్ళీ నలుగురిలో కూర్చుని తిండి తినింది. అందుకని రాస్తున్నాను.

అత్తకు ఇరవై ఏళ్ళుగా షుగరు. మామ పోయాక ఖాళీ అయిన బొట్టుపెట్టెలో షుగరు చూసుకునే మీటరు, సూదులు, రక్తం చుక్క పెట్టే పట్టీలు పెట్టుకుని ఎక్కడికి పోయినా సంచిలో వేసుకుని వచ్చేది. మా నాన్నకూ షుగరే. ఆయన మాత్రం చివరిదాకా దాన్ని లెక్కచేయలేదు, దానితోనే పోయాడు. అప్పటి నుంచి ఆ సూది చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. "నీకూ నలభై దాట్న్యాయి, ఒగసారి సూసుకోమ్మే" అని అత్త ఎన్నిసార్లు అడిగిందో. పొయ్యి మీద పాలున్నాయనో, వాకిట్లో ఎవరో వచ్చారనో తప్పించుకునేదాన్ని.

రెండేళ్ళ క్రితం పాప ఎనిమిదో తరగతిలో ఉండగా దానికి షుగరు బయటపడింది. అత్తది మాత్రలతో గడిచే షుగరు. పాపది రోజూ ఇన్సులిన్ వేసుకోవాల్సిన రకం. డాక్టరమ్మ అన్నీ ఓపిగ్గా చెప్పింది. నేను మాత్రం ఇంటికొచ్చి ఒక్కటే పని చేశాను, దానికిష్టమైనవన్నీ బంద్ చేశాను. పిజ్జా అయితే పేరు కూడా ఎత్తనిచ్చేదాన్ని కాదు.

ఒకరోజు పాప స్నేహితురాలి పుట్టినరోజుకు పిజ్జా షాపుకు పోయి, అందరితో పాటు తిని, ఇన్సులిన్ సంగతి ఎవరికీ చెప్పకుండా వచ్చింది. షుగరు ఎంతుందే అని అడిగితే ముందురోజు అంకె చెప్పింది. మర్నాటికి వాంతులు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇంటికొచ్చాక తిట్టకూడని మాటలు తిట్టాను. ఆ తరువాత అది ఎవరి ముందూ తినడం మానేసింది. బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుని వేలు పొడుచుకునేది. ఈసారి చెప్పే అంకె నిజమో కాదో తెలియక నాకు ప్రాణం కొట్టుకునేది.

చుట్టాలు ఒక్కొక్కరూ ఒక్కో పసరు చెప్పారు. ఆ ఇన్సులిన్ మాన్పించి ఫలానా ఆకు తాగించమన్న ఒకాయన్ని అత్త ఫోన్లోనే కడిగేసింది. "మందు మాన్పిస్తే బిడ్డ మిగల్దప్పా. నీ ఆకు నీ మేకకేసుకో" అంది. ఆ ఆదివారమే బొట్టుపెట్టె సంచిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చేసింది.

వచ్చీ రాగానే పాపతో, "ఆ పిజ్జా అంటే ఏందో నాకూ సూపీ పాపా, నేనింతవరకూ తినిందే ల్యా" అంది. నేను వద్దంటున్నా వినకుండా దాన్ని వెంటబెట్టుకుని అదే షాపుకు పోయింది. నేనూ వెనకే పోయాను. పిజ్జా రాగానే అత్త పైనున్న కూరముక్కల్నీ తీగలా సాగే చీజునూ చెంచాతో పక్కకు తీసి, కిందున్న మైదా రొట్టెను వేలితో నొక్కి చూసింది.

"పైనుండేదంతా మంచోళ్ళే. దొంగ అడుగున ఉండాడు" అంది.

చాలా రోజుల తర్వాత పాప నవ్వింది. షాపులో వాళ్ళు మమ్మల్నే చూస్తున్నా అది తల వంచుకోలేదు.

ఆ రోజు నుంచి అత్త ఆ అడుగు రొట్టె కోసం పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ప్రతి ఆదివారమూ వచ్చేది. ఆమె పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే. కొత్త రకం చేసిన ప్రతిసారీ పాప కంటే ముందు తాను తినాలి, తినకముందూ తిన్న రెండు గంటలకూ తన వేలు పొడుచుకుని చూడాలి. "ముందు నా ఏలు, ఆమైన నీ ఏలు" అనేది. నీ ఒళ్ళూ పాప ఒళ్ళూ ఒకటి కాదు కదత్తా అంటే, "తెలుసులేమ్మే, దానికి తోడు ఉండాల కదా" అంది.

మొదట రాగి. మా సీమలో పుట్టినవాళ్ళెవరైనా ముందు రాగి దగ్గరికే పోతారు. షుగరని తెలిసిన రోజు నుంచి అన్నం మానేసి సంగటి తినమని చెప్పని మనిషి మా వైపు ఉండడు. అత్త కూడా పుట్టిన నాటి నుంచి సంగటి తిన్న మనిషి. రాగి రొట్టె మందంగా కాల్చి, పైన టమోటా గుజ్జు, వంకాయ ముక్కలు, పనీరు వేసి, మంచిదే కదా అని ధైర్యంగా మూడు ముక్కలు తినేసింది. రెండు గంటలకు చూస్తే, షాపులో మైదా పిజ్జా తిని చూసుకున్న రోజు కంటే ఎక్కువొచ్చింది.

మీటరును అటూ ఇటూ తిప్పి చూసింది. పక్కింటామె వచ్చి, రాగికి షుగరెట్లా పెరుగుతుంది, మీ మిషనే చెడిపోయిందని తేల్చేసింది. అత్త ఒప్పుకోలేదు. "మీటరుకు సుట్టరికం ల్యా తల్లీ. రాగైనా, మైదా అయినా ఉన్న మాటే సెప్తాది" అంది. మళ్ళీ తానే, "రాగిదేం తప్పుల్యా. మంచిది గదా అని మూడు మింగినా సూడు, అది నా తప్పు" అంది. తాను తప్పు చేశానని ఒక పెద్దామె నవ్వుతూ చెప్పడం పాప విప్పారిన కళ్ళతో చూసింది. ఆ రాత్రి నా దగ్గరికొచ్చి, పుట్టినరోజు నాడు తాను చెప్పింది పాత అంకె అని తనంతట తానే ఒప్పుకుంది. నాకెప్పుడో తెలుసు. కానీ అది చెప్పాలని ఎంతగా ఎదురుచూశానో అప్పుడే తెలిసింది.

తర్వాత కాలీఫ్లవర్. అత్త కూతుర్ని కుప్పం ఇచ్చారు. వాళ్ళ తోటలో పండిన పూలు బస్సులో పంపింది. తురిమి, గుడ్డు కొట్టి పోసి, పెనం మీద పరిస్తే తిరగేసేటప్పటికి ముక్కలు ముక్కలైంది. "పిజ్జా సేద్దామంటే ఉప్మా ఆయ" అని అదే ముగ్గురం తిన్నాం. మరుసటి వారం తురుమును ఉడికించి, పాత పంచె గుడ్డలో మూటకట్టి, నీళ్ళన్నీ పోయేదాకా పిండింది. వేయించిన చెనిక్కాయల, అంటే వేరుశనగల, పొడి కాస్త కలిపింది. ఈసారి నిలిచింది. పైన మా ఊరి టమోటాలు, తన పొట్టి ఆవు పాలు విరిచి చేసిన పనీరు. మూత పెట్టి సన్న సెగ మీద ఉంచింది. రుచి షాపు పిజ్జా లాగా ఉందని అబద్ధం చెప్పను. కానీ పళ్ళెంలో ఏదీ మిగల్లేదు.

రెండు గంటల తర్వాత అత్త వేలు పొడుచుకుంది. అంకె కాస్తే పెరిగింది. ఆమె చెయ్యి పట్టుకుని చూస్తున్న పాప, బాత్రూం వైపు పోకుండా హాల్లోనే, మా ముందే, తన వేలు చాపింది. అత్త ఆ రక్తపు చుక్కను కొంగుతో అద్ది, వేలి మీద ఉఫ్‌మని ఊది, "అయిపాయ, ఇంగ ఆడుకోపో" అంది. పద్నాలుగేళ్ళ పిల్లను ఆడుకోపొమ్మంది. అది నిజంగానే బయటికి పోయి ఆడుకుంది.

అప్పటి నుంచి మా వంటింటి క్యాలెండరులో ఆదివారం గళ్ళన్నీ రెండుగా చీలాయి. పై సగంలో అత్త అంకె, కింది సగంలో పాప అంకె. పాప ఎంత ఇన్సులిన్ వేసుకోవాలో డాక్టరమ్మ ఆ అంకెలు కూడా చూసి సరిచేసేది. నిరుడు పాప పుట్టినరోజుకు స్నేహితురాళ్ళు ఎనిమిది మంది వచ్చారు. వాళ్ళకు షాపు పిజ్జా తెప్పిద్దామన్నాను. అత్త కళ్ళెర్రజేసింది. "దానికొగటి, వాళ్ళకొగటి యాల? ఇంట్లో అందరికీ ఒగే రొట్టె" అంది. పొద్దుటి నుంచి పెనం దగ్గర నిలబడి తొమ్మిది కాల్చింది. అది షుగరు వాళ్ళ పిజ్జా అని ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

పదకొండో రోజు పుంగనూరులో అన్నీ అయ్యాక, అత్త కొడుకు బొట్టుపెట్టె తెచ్చి పాప చేతిలో పెట్టాడు. "నీకీమని శానాసార్లు చెప్పిందమ్మా" అన్నాడు. ఇంటికొచ్చేదాకా అది దాన్ని ఒళ్ళోనే పెట్టుకుంది.

మొన్న ఆదివారం పాప తానే కాలీఫ్లవర్ తురిమింది, తానే గుడ్డలో పిండింది. తినబోయే ముందు హాల్లో కూర్చుని వేలు పొడుచుకుని, క్యాలెండరు దగ్గరికి పోయి గడిని గీతతో రెండుగా చీల్చి, కింద తన అంకె రాసింది. రాసి, పెన్ను పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"అవ్వది ఖాళీగా ఉండాదమ్మా" అంది.

పొయ్యి మీద పాలున్నాయి. నిజంగానే ఉన్నాయి. పొయ్యి ఆపేసి వచ్చి దాని ముందు కూర్చున్నాను. నా చెయ్యి చాపి, "వచ్చే వారం నించీ ముందు నా ఏలు, ఆమైన నీ ఏలు" అన్నాను.

పాప బొట్టుపెట్టె తెరిచింది. సూది దిగింది. నేను భయపడినంత నొప్పి లేదు. అంకె మాత్రం ఉండాల్సినదాని కంటే కొంచెం ఎక్కువే ఉంది. సోమవారం ఇద్దరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి పోదామని అక్కడే అనుకున్నాం. పాప నా అంకెను పై సగంలో రాసింది. తిరిగొచ్చి నా వేలిని చున్నీ అంచుతో అద్ది, ఉఫ్‌మని ఊదింది.

"అయిపాయ, ఇంగ తిందాం రామ్మా" అంది.