ఏ జంతువుదో అడిగాను

మా ఆయనకి ఆ నూనె బిళ్ళలు తెప్పించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. అమ్మిన వాళ్ళ తప్పు ఎంతుందో నాకు తెలియదు, వాళ్ళు ఇప్పటికీ చెప్పలేదు. నాది ఎంతో మాత్రం నాకు తెలుసు.

మాది వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి దిగువన ఒక చిన్న ఊరు. ఊళ్ళో శివాలయం అర్చన మా అత్తవారింటిది. మామగారి తరవాత మా ఆయనకి వచ్చింది. ముప్ఫయ్యేళ్ళుగా ఆయన పొద్దున్నే నదిలో మునిగి, బిందెడు నీళ్ళు భుజాన పెట్టుకుని గుళ్ళోకి వెళ్ళేవారు. మంత్రంలో చకారం, శకారం ఎక్కడా తప్పని మనిషి, గుడి గడప దిగారంటే ఊరందరిలాగే ‘సూడు, సెప్పు’ అంటారు. పెళ్ళయిన కొత్తలో, విజయనగరంలో చదువుకున్నదాన్నన్న గొప్పతో నేను నవ్వేదాన్ని. “సావికి ఆ బాస, నీకీ బాస. సాల్దేటి?” అనేవారు.

రెండేళ్ళ కిందట ఆయన మోకాళ్ళు మొండికేశాయి. మా గుడి గర్భాలయం ఇరుకు. మూడు మెట్లు దిగాలి. అభిషేకం అంటే కూర్చోవడం, లేవడం, మళ్ళీ కూర్చోవడం. లేచేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి ఆ గోడ మీద చెయ్యి ఆనే చోట నల్లటి మరక పడింది. అది చూశాక ఇక ఊరుకోలేక శ్రీకాకుళం తీసుకెళ్ళాను.

డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి డి విటమిన్ అడుగంటిపోయిందన్నారు. “అసలు ఎండలో తిరగరా మీరు?” అని అడిగారు. “మా సావి ఉన్నకాడ ఎండ ఉండదండి,” అన్నారు ఈయన. డాక్టరు నవ్వి, ఏదో పొడి రాసిచ్చారు. కొన్ని వారాలు అది వాడాక, ఇక మామూలు డి విటమిన్ ఏదైనా వాడుకోవచ్చన్నారు. ఆ ‘ఏదైనా’ అన్న మాట దగ్గరే నేను ఫోను తీశాను.

మా వీధిలో ఫోన్లో సామాను తెప్పించడం మొదలుపెట్టింది నేనే. కుక్కరు రబ్బరు, టార్చిలైటు, మరిదిగారి చొక్కాలు, ఏం కావాలన్నా నన్నే అడిగేవారు. ఆ పేరు నాకు బాగానే ఉండేది. ఈ బిళ్ళలు ఎంచడానికి రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాను. కొన్నవాళ్ళు రాసిన మాటలన్నీ చదివాను. ఎవరో తన తల్లి మెట్లెక్కుతోందని రాశారు. డబ్బా బొమ్మని వేళ్ళతో లాగి పెద్దది చేసి చూశాను. మూల పచ్చ చుక్క ఉంది. శాకాహారమే. ఇంకేం కావాలనుకున్నాను.

మా ఇంట్లో బయటినుంచి వచ్చిన డబ్బా ఏదీ వంటింటి గడప దాటదు. ఇది మా అత్తగారు పెట్టిన పద్ధతి. పప్పయినా, కాఫీపొడయినా వీధి అరుగు మీదే విప్పి, మన సీసాలోకి వంపుకుని, వాళ్ళ డబ్బా అక్కణ్ణించి అక్కడే పారేసి, చెయ్యి కడుక్కుని లోపలికి రావాలి. ఎవరెవరి చేతులు పడ్డాయో అని ఆవిడ భయం. నాకంత భయం లేదు గానీ చేతులకి అలవాటైపోయింది. ఈ బిళ్ళలకీ అదే చేశాను. తేనెరంగులో, లోపల నూనెతో మెరుస్తూ, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. గాజుసీసాలో పోసి, డబ్బా చెత్తబండిలో వేసేశాను. దాని మీద ఏం రాసుందో చదవలేదు. బయటి మైల లోపలికి రాకూడదని డబ్బా పారేసి, లోపలున్నదాన్ని మాత్రం శుభ్రంగా కడిగిన సీసాలో పెట్టి ఆయన చేతికిచ్చాను.

రెండు నెలలు వేసుకున్నారు. పనిచేశాయి కూడా. అది ఒప్పుకోవాలి. గోడ పట్టుకోకుండా లేస్తున్నానని ఒకరోజు ఆయనే చెప్పారు. నేను మురిసిపోయి రెండో డబ్బాకి ఆర్డరు పెట్టాను.

అది వచ్చిన రోజున మా చెల్లెలు ఇంట్లో ఉంది. చీపురుపల్లిలో బళ్ళో పంతులమ్మ. చేతికి ఏ కాగితం దొరికినా అక్షరం విడవకుండా చదివేస్తుంది. అరుగు మీద కూర్చుని, నేను సీసా తెచ్చేలోపు డబ్బా తిప్పి తిప్పి చూసింది.

“అక్కా, ఇవి బావగారు వేసుకుంతన్నారా?”

“రెండు నెలలైంది. ఏం?”

“ఇది సూసేవా మరి?”

పచ్చ చుక్క ఉండాల్సిన చోట మాంసాహారమని చెప్పే గోధుమరంగు గుర్తు ఉంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో, పైతొడుగు జెలటిన్ అని ఉంది. జెలటిన్ అంటే ఏమిటని అడిగాను. జంతువుల ఎముకలూ తోళ్ళూ ఉడకబెట్టి తీస్తారని చెప్పింది. చెప్పి తలెత్తి, నా వెనక చూసి ఆగిపోయింది. ఆయన గుడినుంచి వచ్చి, ప్రసాదం పళ్ళెం పట్టుకుని మెట్టు మీద నిలబడి ఉన్నారు.

కేకలేస్తే బాగుండేది. అత్తగారే ఉండుంటే ఇల్లు పీకి పందిరేసేవారు. ఆయన పళ్ళెం అరుగు మీద పెట్టి, పెరట్లోకి వెళ్ళి, నూతి గట్టు దగ్గర గొంతులో వేలు పెట్టుకున్నారు. రెండు నెలలుగా తిన్నది ఇప్పుడెలా వస్తుంది? పొద్దున తాగిన కాఫీ వచ్చింది. నేను చెంబుతో నీళ్ళు పట్టుకుని పక్కన నిలబడ్డాను. నా చేతిలోంచి తీసుకున్నారు. అందుకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఆ సాయంత్రమే తమ్ముడింటికి వెళ్ళి, “రేపట్నించి నువ్వు సెయ్యిరా. నేను మెట్లు దిగను,” అని చెప్పి వచ్చారు. మా మరిది మండలాఫీసులో గుమాస్తా. మంత్రాలు వచ్చు గానీ, తొమ్మిదింటి బస్సు వేళకి ఎలాగైనా అయిపోతాయి.

విజయనగరంలో సంస్కృతం చెప్పి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, మా మామగారికి స్నేహితులు. మా ఆయన ఫోను చేసి జరిగింది చెప్పారు. తెలియక జరిగినదానికి అందరూ చేసుకునేది ఒకటుంది, పంచగవ్యం పుచ్చుకుని, జపం చేసుకుని కానిచ్చెయ్యమన్నారు ఆ పెద్దాయన. ఇంకా పట్టింపుగా కావాలంటే మాత్రం అది ఏ జంతువుదో తెలియాలి, దాన్నిబట్టి ప్రాయశ్చిత్తం మారుతుంది అన్నారు. ఆయన ముందు చెప్పింది దారి చూపించడానికే. ఈయన మాత్రం వెనక చెప్పిన మాట పట్టుకున్నారు.

పంచగవ్యమూ అయింది, జపమూ అయింది. అయినా మెట్లు దిగలేదు.

“తెలీకండా తిన్నాను, నిజవేఁ. ఇప్పుడు సగం తెలిసిపోనాది కదా. సగం తెలిసి, సగం తెలీకండా ఆయన్ని ఎలా ముట్టుకుంతాను? ఏ జంతువుదో అడుగు,” అన్నారు నాతో.

అడగడం నా పని అయింది. అదేమంత పెద్ద విషయం, తయారుచేసినవాళ్ళకి తెలియదా అనుకున్నాను.

ముందు ఫోన్లో ఫిర్యాదు పెట్టబోతే కారణం ఎంచుకోమంది. పగిలి వచ్చింది, ఆలస్యంగా వచ్చింది, వేరే వస్తువు వచ్చింది, ఇప్పుడు అవసరం లేదు. ఈ నాలుగింట్లో మా ఆయన ఎక్కడా లేరు. ‘వేరే వస్తువు’ నొక్కాను. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని జవాబొచ్చింది. ఆ అసౌకర్యం అన్న మాట ఎక్కడ కనబడినా నాకు ఒళ్ళు మంట ఇప్పుడు.

తరవాత మనుషులతో మాట్లాడాను. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ మొదటినుంచీ చెప్పాలి. ముప్ఫయ్యేళ్ళ అర్చనని రెండు నిమిషాల్లో చెప్పడం నేర్చుకున్నాను. ఒకతను ఓపిగ్గా విని, “ఆరోగ్యానికేమీ ప్రమాదం లేదు మేడం, చాలా సురక్షితం,” అన్నాడు. ఇంకొకతను ఈసారి కొనేదాని మీద తగ్గింపు ఇస్తానన్నాడు. ఒకావిడ, బొమ్మ కేవలం చూపించడానికేనండీ, వచ్చే డబ్బా వేరుగా ఉండొచ్చని కింద రాసే ఉంది చూడండి అంది. చూశాను. రాసే ఉంది. డబ్బులు వద్దు, ఏ జంతువుదో చెప్పండి చాలు అన్నాను. డబ్బులు వేసేసి, మీ సమస్య పరిష్కారమైందని, మా సేవకి ఎన్ని నక్షత్రాలిస్తారని అడిగారు.

డబ్బా మీదున్న తయారీవాళ్ళ నంబరుకి చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఒక్కసారి ఎవరో ఎత్తి, మొదటి డబ్బా బ్యాచి నంబరు చెప్పమన్నారు. తొడుగులు ఒక్కొక్కసారి ఒక్కొక్కచోట కొంటారట, నంబరుంటే గానీ చెప్పలేరట. మొదటి డబ్బా ఎక్కడుంది? చెత్తబండిలో పోయింది. రెండో డబ్బా నంబరు చెప్పబోతే, “ఆయన తిన్నది అది కాదు కదమ్మా,” అన్నారు. వాళ్ళు అన్న మాటల్లో అదొక్కటే సరైనది.

ఒకపక్క నేను ఫోను పట్టుకుని ఇలా తిరుగుతుంటే, ఇంకోపక్క ఆయన పొద్దున్నే నదిలో మునగడం మానలేదు. నీళ్ళు మోసుకొచ్చి గుమ్మం బయట దించి, నంది వెనకాల భక్తుల్లో నిలబడేవారు. లోపల తమ్ముడు నమకంలో ఒక పంక్తి మింగేస్తే బయటినుంచి అందించేవారు. హారతి అయ్యాక అందరితోపాటు తీర్థానికి చెయ్యి చాపేవారు. అన్నగారి చేతిలో తీర్థం పొయ్యడం మా మరిది ఆఖరికి నెట్టేవాడు. “అన్నయ్యా, నావల్ల కాదు, నువ్వు రా,” అని ఒకరోజు గుమ్మంలోనే అనేశాడు. ఆయన తీర్థం పుచ్చుకుని, చెయ్యి తలకి రాసుకుని వెళ్ళిపోయారు.

ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. ఎవరూ వెక్కిరించలేదు. గుడిమాన్యం దున్నే ముసలాయన ఇంటికే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“పంతులు బావూ, మేవు రోజూ సేపలు తినీసే వస్తన్నాం. సావి మమ్మల్ని తోలీసేడేటి? నువ్వు లోపలికెల్లు బావూ. ఆ సిన్నపంతులు పూజ మాకు ఆనట్లేదు.”

“మీరు తిన్నామని సెప్పి గుమ్మం బయట దణ్ణం ఎడతారు. నేను తిననని సెప్పి లోపలికెల్తాను. తేడా ఉన్నాది కదా మావా,” అన్నారు ఈయన.

ముసలాయన తువ్వాలు దులుపుకుని లేచాడు. నేను లోపల వంటింట్లో ఖాళీ సీసా తోముతున్నాను, అప్పటికి ఎన్నోసారో.

మొన్న శ్రావణం వెళ్ళాక ఒక మధ్యాహ్నం అమ్మినవాళ్ళే ఫోను చేశారు. మాట్లాడినావిడ చిన్నపిల్ల అని గొంతే చెబుతోంది. నా ఫిర్యాదులన్నీ కలిపి తనకిచ్చారట, ఈసారి మూసేయాలట. అన్నీ చదివానంది. నిజంగానే చదివింది, మా ఊళ్ళో గుడి సంగతి తనే చెప్పింది. మొదటినుంచీ చెప్పక్కర్లేకపోవడం అదే మొదటిసారి.

“అమ్మా, నేను తయారీవాళ్ళని కూడా అడిగాను. ఆ నంబరు లేకపోతే వాళ్ళకీ తెలీదట. ఇక ఎవరూ చెప్పలేరమ్మా,” అంది. తరవాత గొంతు తగ్గించి, “మీరు ఏం రాయమంటే అది రాసి పంపిస్తాను. మొక్కల నుంచి చేసిందని రాయమన్నా రాస్తాను. సార్‌కి చూపించుకోండి,” అంది.

ఇన్ని నెలల్లో నాకు నిజంగా సాయం చెయ్యాలనుకున్న మనిషి ఆ పిల్ల ఒక్కతే. ఆమె ఉద్యోగం ఎలాంటిదో, ఎవరు వింటున్నారో తెలియదు, అయినా అడిగింది. నేను గోడకానుకుని నిలబడిపోయాను. సరే అన్న ఒక్క మాట చాలు, తెల్లారితే ఆయన మెట్లు దిగుతారు. చకారం, శకారం మళ్ళీ లోపలినుంచి వినబడతాయి. తెలిసి చేసిన పాపం నాకు ఉంటుంది, ఉండనీ అనుకున్నాను. కానీ ఆయన ముఖం గుర్తొచ్చింది. ఒకసారి తెలియకుండా పెట్టాను. ఈసారి తెలిసీ పెట్టలేననిపించింది.

“వద్దు తల్లీ. ఏమీ రాయొద్దు,” అన్నాను. ఆ పిల్ల సరేనమ్మా అని పెట్టేసింది.

ఆయన తడిపంచె ఆరేస్తున్నారు. ఎవరు ఫోను అని అడిగారు. నాకు సగం చెప్పడం చేతకాదు. ఎవరికీ తెలియదన్నదీ చెప్పాను, ఇక ఎప్పటికీ తెలియదన్నదీ చెప్పాను. ఆ పిల్ల అడిగినదీ చెప్పాను. నేను వద్దన్నానని చెప్పేటప్పుడు నా గొంతులో కొంచెం గర్వం కూడా ఉందేమో. మీ ఆవిడ మీకు తగినదే అని వినిపించాలనుకున్నాను.

ఆయన పంచె అంచు రెండు చివర్లూ పట్టి సరిచేశారు.

“రాయించీవలసింది,” అన్నారు చివరికి.

నేను సరిగా విన్నానో లేదో తెలియక ఆయన్నే చూస్తున్నాను.

“మొక్కలదనో ఏదో రాయించీసి, నాకు సూపించీసి ఊరుకోవలసింది. ఆ పిల్ల మాట నాకు సెప్పకండా ఉండవలసింది.”

కోపంగా అనలేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టే అన్నారు. అబద్ధమైనా చాలని, ఎవరైనా అడ్డం తీసేస్తే లోపలికి వెళ్ళిపోదామని ఆయన ఎదురుచూస్తున్నారని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ అబద్ధం చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడు నేను ఏం చెప్పినా ఆయన నమ్మలేరు.