లేని గొర్రెలకు బ్రేకు వేసిన రోజులు

1961 ఏప్రిల్, సోమవారం. హిందూపురం నుంచి గోరంట్ల మీదుగా నల్లమాడ వైపు వెళ్లే బస్సు. డ్రైవరు నేను. కండక్టరు ఖాజా. ముందు సీట్లో, రాత్రి మా బస్సు ఆగే పల్లె మంత్రసాని నరసమ్మ, పక్కన శెనక్కాయల వ్యాపారి. వెనక పదిహేను మంది దాకా.

గోరంట్ల దాటాక రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద కనిపించింది. గట్టిగా బ్రేకు వేశాను. వ్యాపారి మూట ఎగిరి నరసమ్మ ఒళ్లో పడింది. దుమ్ము అణిగాక చూస్తే రోడ్డు ఖాళీ.

"ఏమప్పా, ఏమడ్డమొచ్చె?" అంది నరసమ్మ.

"గొర్రెలు."

ఖాజా దిగి చూసొచ్చాడు. "యాడివన్నా? ఒక పెంటిక గూడా లేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఒక గొర్రె చెవికి గాటు కూడా చూశాను నేను. లేని గొర్రెకు గాటు ఎట్లా కనిపించింది? భయం కంటే ఆ ప్రశ్నే నన్ను పట్టుకుంది. డైరీలో అదే రాసుకున్నాను.

తర్వాతి రోజుల్లో ఇంకో వింత. ఖాజా బెల్లు కొట్టినా నాకు వినిపించక ఒక స్టేజీ దాటిపోయాను. దిగాల్సినవాళ్లు తిట్టారు. ఆ స్టేజీ ముందు మలుపు ఎట్లా తిప్పానో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

హిందూపురంలో డాక్టరును కలిశాను. కండ్లు చెడిపోయాయని రాస్తే లైసెన్సు పోతుంది. డ్రైవింగు తప్ప వేరే పని నాకు రాదు. చూపించుకోకపోతే వెనక కూర్చున్నవాళ్ల ప్రాణాలు పోతాయి. ఐ టెస్ట్ చేశారు, చూపు బాగానే ఉంది. ఎక్స్-రే తీశారు, టీబీ లేదు. బ్లడ్ టెస్ట్ చూసి "కొంచెం ఎనీమియా" అని టానిక్ రాశారు. జబ్బుకు ఒక పేరు దొరికిందని సంతోషపడ్డాను.

టానిక్ తాగుతున్నా గొర్రెలు పోలేదు. నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. మంద కనిపిస్తే వేగం తగ్గించి ఖాజాను అడిగేవాణ్ని.

"ఉండాయా?"

"లేవు, పో అన్నా."

ఎప్పుడూ లేవనే అనేవాడు. మే నెలలో ఒకరోజు ఖాజా వెనక టికెట్లు కొడుతున్నాడు. మంద కనిపించింది, దాని ముందు ఒక మనిషి. ఖాజాను అడగలేదు. ఇవీ లేనివే అనుకుని పోనిచ్చాను. వెనకనుంచి ఖాజా కేక విని స్టీరింగు తిప్పాను. బస్సు ఎండిన చేనులోకి దిగి ఆగింది. మనుషులకు దెబ్బలు తగల్లేదు. ఒక గొర్రె చచ్చింది.

గొర్రెలాయన నా దగ్గరికి వచ్చాడు. తిట్టలేదు. అర్థం కానట్టు నా ముఖంలోకి చూశాడు.

"గొర్రెలు కనబడలేదంటే సరే. నేను గూడా కనబడలేదా? చెయ్యెత్తుకోని నిలబడితి గదప్పా."

కనబడ్డాడు. అదే నేను చెప్పలేకపోయాను. స్టీరింగు వదిలేసి మళ్లీ డాక్టరు దగ్గరికి పోయాను. ఈసారి ఆయన కండ్లు చూడలేదు.

"రాత్రి ఎక్కడ పడుకుంటావు?"

"బస్సులోనే సార్. పల్లెలో నైట్ హాల్టు."

"పడుకుంటావా, నిద్రపోతావా?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా బస్సు ఆగే పల్లెకు ఇంకో బండి లేదు. నొప్పులొచ్చినా, పాము కరిచినా బస్సు రేకు మీద కొట్టేవాళ్లు. నేను లేచి కదిరి ఆసుపత్రికి తీసుకుపోయేవాణ్ని. కొట్టని రాత్రి కూడా, కొడతారేమోనని చెవి మేలుకొనే ఉండేది.

"ఇది ఫెటీగ్, నిద్ర చాలని అలసట. నీ మెదడు పగలే కలలు కంటోంది. నిద్రకు టానిక్ లేదు," అని, రెస్టు ఇవ్వాలని చీటీ రాశారు.

ఓనరు చీటీ చదివి పక్కన పెట్టాడు. "రూలు ప్రకారం నీకు రెస్టు ఉండాది గదా. పొద్దుగుంకితే దిగుతావు, తెల్లారితే ఎక్కుతావు. నేనేమన్నా వచ్చి లేపుతానా?"

నిజమే, ఆయన లేపలేదు. రాత్రుళ్లు లేపొద్దని పల్లె చావడిలో అడిగితే పెద్దాయన వెంకటరెడ్డి, "మేం లేపినామనుకో. రానని చెప్పల్ల నువ్వు," అన్నాడు.

"నొప్పులు పడే మనిషిని చూసి రానని ఎట్ల చెప్తాడు రెడ్డీ?" అంది నరసమ్మ. "ఆయప్ప నిద్ర మనమంతా పంచుకోని తింటిమి. ఆ బాకీ అందరం కలిసి కట్టల్ల."

ఆమె చెప్పినట్టే కుదిరింది. నేను బస్సులో పడుకోను, నరసమ్మ వాళ్ల వసారాలో పడుకుంటాను. లేపాలా వద్దా అనేది నరసమ్మ చూసుకుంటుంది. రాత్రి లేపితే, నేను నిద్రపోయి లేచేదాకా పొద్దుటి బస్సు కదలదు. వెంకటరెడ్డి ఒప్పుకోలేదు. "కోర్టుకు పొయ్యేవాళ్లుంటారు, కూలికి పొయ్యేవాళ్లుంటారు," అంటూ లేచిపోయాడు. ఓనరు మాత్రం, చేనులో దిగిన బస్సును చూసినవాడు కాబట్టి, సరేనన్నాడు.

నెలన్నరకు గొర్రెలు కనిపించడం మానేశాయి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా బస్సు నడిపాను. ఇప్పుడు బాగా నిద్రపోతున్నాను. విమానం నడిపేవాళ్లకు ఇన్ని గంటల విశ్రాంతి అని రూలు ఉంటుందని పేపర్లో చదివాను. వాళ్లెక్కడ పడుకుంటారు, మధ్యలో ఎవరు లేపుతారు అని తెలుసుకోవాలనిపిస్తుంది. రూలులో గంటలుంటాయి, తలుపు తట్టేవాళ్లుండరు. రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. డాక్టరు దగ్గరికి పోతే ఎంతసేపు పడుకున్నారో కాదు, ఎన్నిసార్లు లేచారో చెప్పండి.

అప్పట్లో, కట్టుబాటు పెట్టిన మొదటి రాత్రే నరసమ్మ నన్ను లేపింది. బిడ్డ అడ్డం తిరిగిన కేసు. కదిరికి పోయి తెల్లవారుజామున తిరిగొచ్చి పడుకున్నాను.

మెలకువ వచ్చేసరికి ఎండ వసారాలోకి వచ్చింది. బస్సు చుట్టూ జనం మూటల మీద కూర్చుని ఉన్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. ఎవరూ మోగించకుండా ఖాజా హారను దగ్గర కాపలా కూర్చున్నాడు. వెంకటరెడ్డి కోర్టు కాగితాలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ రోజు హిందూపురంలో ఆయన వాయిదా. వేళ మించిపోయిందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను ముఖం కడుక్కునేదాకా ఆగి దగ్గరికొచ్చాడు.

"నిద్ర సాలిందా?" అన్నాడు.

"ఇంకొంచెం ఉండాది రెడ్డీ."

ఆయన కాగితాలు కింద పెట్టి, వాటి పక్కనే కూర్చున్నాడు. "అయితే పో, పండుకో."