చిన్న డౌట్ సీతారామారావు గారు

సీతారామారావు గారి నోట ‘ఫెయిల్’ అనే మాట ఎవరూ వినలేదు. పాసిర్ రిస్‌లో వాళ్ళ బ్లాకు లిఫ్టు ఆగిపోతే ‘లిఫ్టు కాస్త ఆలోచిస్తోంది’ అంటారు. కూతురు కీర్తికకు మాతృభాష పరీక్షలో పాసు మార్కులు రాకపోతే, ఇంటికొచ్చిన వాళ్ళతో ‘చిన్న అబ్జర్వేషన్ వచ్చింది’ అంటారు. ఆ మాతృభాష తమిళం. ఈ దేశపు బళ్ళలో తెలుగు చెప్పరు కాబట్టి, దొరికిన భాషనే తల్లి అనుకోవాలి. ఆ పిల్ల సోఫాలోంచి తల ఎత్తకుండా, ఇక్కడివాళ్ళ యాసలో, "ఫెయిల్ లా, నాన్నా. జస్ట్ సే ఫెయిల్," అంటుంది. వంటింట్లోంచి వాళ్ళమ్మ నాగమల్లేశ్వరి ఆంటీ "నోరు ముయ్యవే!" అని అరుస్తుంది. ఆ ఇంట్లో నేను చాలాసార్లు గోంగూర పచ్చడితో భోంచేశాను. అయినా ఉన్నమాట చెప్పక తప్పదు.

ఆయన మా ప్రాజెక్ట్ మేనేజర్. నేను టెస్టర్‌ని. సాఫ్ట్‌వేర్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం, పట్టిన తప్పులు బయటికి పొక్కకుండా చూడటం ఆయన ఉద్యోగం. చేరిన కొత్తలోనే నన్ను పక్కకు పిలిచి తన సిద్ధాంతం చెప్పారు.

"చూడమ్మా అమూల్యా, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ‘పోతున్నా’ అంటామా? ‘వెళ్ళొస్తా’ అంటాం. మాటలో శుభం ఉండాలి. బగ్గు విషయంలోనూ అంతే. ఫెయిల్ అన్నామనుకో, అవతలివాడు బిగుసుకుపోతాడు. అదే ‘చిన్న డౌట్ అండీ’ అన్నామనుకో, వాడే కుర్చీ చూపించి మరీ సరిచేస్తాడు."

బాపట్లలో ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో క్లాసులో చెయ్యెత్తి ‘సార్, డౌట్’ అన్నది మొదలు, ఇవాళ్టి దాకా ఆయన బతుకంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. జీతం పెంచమని అడగాలన్నా ‘చిన్న డౌట్ సార్’. తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో ఎవరో టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోప్ చేసుకున్న, అంటే ముందే పట్టుకున్న టేబుల్ కావాలన్నా ‘అంకుల్, స్మాల్ డౌట్’. ఆ అంకుల్ చైనీస్ ముసలాయన. ఈయన ఏం అనుమానిస్తున్నాడో అర్థంకాక టిష్యూ ప్యాకెట్టు తీసుకుని ఒకసారి లేచి వెళ్ళిపోయాడు కూడా.

మా ఆఫీసులో అప్పట్లో రెండు వ్యవస్థలు ఉండేవి. ఒకటి టెస్టింగ్ ప్లాట్‌ఫాం. అందులో మేము పరీక్షలు నడుపుతాం, పాసైతే పచ్చగా, ఫెయిలైతే ఎర్రగా కనబడుతుంది. రెండోది ట్రాకర్. ఏ తప్పు ఎవరు పట్టారు, ఎవరు సరిచేయాలి అన్నది అందులో నమోదవుతుంది. క్లయింటు చూసేది దాన్నే. ఈ రెండింటికీ సంబంధం లేదు. మధ్యలో ఉన్న వంతెన సీతారామారావు గారే, టోల్ గేటు కూడా ఆయనే. ఇక్కడ ఎరుపు కనబడగానే ఒక కాఫీ పట్టుకుని ప్రోగ్రామర్ దగ్గరికి నడిచి వెళ్ళి, ‘చిన్న డౌట్’ అనేవారు. సరిచేస్తే సరే. చేయకపోతే ఆ ఎరుపు అక్కడే ఎండిపోయేది. ట్రాకర్ ఎప్పుడు చూసినా అద్దంలా మెరుస్తూ ఉండేది. ‘జీరో డిఫెక్ట్ ప్రాజెక్ట్’ అని రెండేళ్ళు వరసగా కేకు కోశారు. రెండు కేకులూ నేనూ తిన్నాను, బాగానే ఉన్నాయి.

ఆ కేకుల పుణ్యమా అని ఆయన పేరు డెలివరీ హెడ్ పోస్టుకు వెళ్ళింది. చేతిలో ఉన్న క్లినిక్ యాప్ సవ్యంగా క్లయింటుకు అప్పజెబితే ఆ కుర్చీ ఆయనదే. ఇంకా అప్పజెప్పనే లేదు, మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ‘మీ అందరి ఆశీస్సులతో త్వరలో ఒక శుభవార్త’ అని పెట్టేశారు. చేతులు జోడించిన బొమ్మలు వరదలా వచ్చిపడ్డాయి. అంతమంది ముందు చాటుకున్నాక ఆ పోస్టు రాకపోతే ఆయన గ్రూపులో ఉండలేరు, దీపావళి భోజనాలకు రాలేరు. ఆయన ప్రాణం అక్కడే ఉంది.

యాప్ చేసే పని చిన్నదే. జబ్బు చేసినవాళ్ళు గుర్తింపు కార్డులో ఉన్నట్టు తమ పేరు కొడితే ఫోనుకు క్యూ నంబరు వస్తుంది. క్లినిక్‌కు ముందుగా వెళ్ళి కూర్చోనక్కర్లేదు.

క్లయింటు తరఫు డైరెక్టర్ కమలాదేవి గారు. ముత్తాతల కాలంలో వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. ఆవిడ తెలుగులో తమిళం పాలు, మలయ్ పాలు కలిసి ఉంటాయి. మొదటిసారి కలిసినప్పుడే "మకాన్ అయినాదా?" అని అడిగింది, భోజనమైందా అని. మా సీతారామారావు గారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. "మన తెలుగామే అమ్మా! ఇంక మనకేం భయం? ఏం చెప్పినా అర్థం చేసుకుంటుంది," అన్నారు. తెలుగు వచ్చినవాళ్ళంతా తన లెక్కలు ఒప్పుకుంటారని ఆయనకు గట్టి నమ్మకం.

ఆ తెలుగామే ఒకరోజు మెయిల్ పెట్టింది. అప్పగింతకు ముందు టెస్టింగ్ ప్లాట్‌ఫాంను ట్రాకర్‌తో కలపాలి. ఇక్కడ పరీక్ష ఫెయిలైన క్షణమే అక్కడ దానంతటదే నమోదవ్వాలి, మధ్యలో మనిషి చెయ్యి ఉండకూడదు. ఆ చివరి ముక్క చదివి సీతారామారావు గారు మంచినీళ్ళు తాగారు.

సరిగ్గా ఆ వారంలోనే నాకొక తప్పు దొరికింది. ఇక్కడి భారతీయుల పేర్లలో చాలామందికి మధ్యన ‘ఎస్/ఓ’ అనో ‘డి/ఓ’ అనో ఉంటుంది. ఫలానావారి కొడుకు, ఫలానావారి కూతురు అని. ఆ ఏటవాలు గీత ఉన్న పేరు కొడితే మా యాప్ చక్కగా థాంక్యూ చెప్పి ఊరుకుంటోంది, నంబరు ఇవ్వడం లేదు. అంటే ఒక పెద్దాయన జ్వరంతో క్లినిక్ బయట కూర్చుని, రాని నంబరు కోసం ఫోను చూసుకుంటూ ఉంటాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎర్రగా పెట్టేసి ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఇది ఫెయిలండీ. దీంతో అప్పగించడానికి వీల్లేదు."

"అంత మాటెందుకమ్మా? ఆ గీత తీసేసి కొట్టుకోమందాం."

"అది వాళ్ళ పేరండీ. జ్వరంతో వచ్చినవాణ్ణి పేరు మార్చుకోమంటామా?"

"చూద్దాంలే," అన్నారు. ఆయన ‘చూద్దాం’ అంటే చూడరని అర్థం.

రెండు వ్యవస్థల్నీ కలిపే పని ఎవరికీ ఇవ్వకుండా ఆయనే భుజాన వేసుకున్నారు. పదేళ్ళుగా ఒక్క బటనూ నొక్కని మనిషి చొక్కా చేతులు మడిచి కూర్చున్నారు. అందులో మొదట అడిగేది, ఎవరి లాగిన్‌తో నమోదు చేయాలని. పట్టు తన చేతిలోనే ఉండాలని ఆయన సొంత లాగిన్ ఇచ్చారు. తర్వాత ఒక పట్టిక వస్తుంది. ఎడమవైపు ప్లాట్‌ఫాంలోని మాటలు, కుడివైపు ట్రాకర్‌లోని మాటలు. దేనికి ఏది సమానమో మనమే చెప్పాలి. ‘పాస్’కు ఎదురుగా ‘పాస్’ పెట్టారు. ‘ఫెయిల్’ దగ్గరకొచ్చి ఆగారు. దానికెదురుగా ‘డిఫెక్ట్’ అని పెట్టాలి. మా మేనేజర్ గారు ట్రాకర్లో కొత్తగా ఒక రకం సృష్టించి, దానికి ‘డౌట్’ అని పేరు పెట్టారు. ఫెయిల్ అయితే డౌట్. డిఫెక్టుల లెక్కలోకి డౌటు రాదు. మసిపూసి మారేడుకాయ చేయడం అంటారే, దాన్ని కంప్యూటర్‌తో చేయించిన మొదటి మనిషిని నేను కళ్ళారా చూశాను.

"ఆవిడ అడిగితే ఏం చెబుతారండీ?" అన్నాను.

"అడగదమ్మా. మన తెలుగామే. డౌట్ అంటే ఏమిటో ఆవిడకు తెలీదా?"

మీటింగు రోజు ఆయన కొత్త చొక్కా వేసుకుని, నుదుట కుంకుమ పెట్టుకుని వచ్చారు. నాగమల్లేశ్వరి ఆంటీ చేసిచ్చిన రవ్వలడ్డూల డబ్బా కమలాదేవి గారి ముందు పెట్టారు. అన్నీ సిద్ధమని సంతకం చేసిన కాగితం దాని పక్కన పెట్టారు. ట్రాకర్‌ను గోడమీది తెరకెక్కించారు. డిఫెక్టులు సున్నా. ఆయన మొహం వెలిగిపోయింది.

దాని కిందే ఇంకో వరస ఉంది. డౌట్లు, మూడొందల చిల్లర. ఇన్నాళ్ళూ అక్కడ ఎండిపోయిన ఎరుపులన్నీ ఇక్కడికొచ్చి చేరాయి. ప్రతి దాని పక్కనా నమోదు చేసినవారు సీతారామారావు. ఆయన లాగిన్ కదా మరి.

కమలాదేవి గారు కళ్ళజోడు సర్దుకుని చదివింది. క్యూ నంబర్ల మీద సీతారామారావు డౌట్. డాక్టర్ల పట్టిక మీద సీతారామారావు డౌట్. ఎక్కడ చూసినా ఆయనే.

"మా యాప్ మీద మీకు ఇన్ని అనుమానాలా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"అబ్బెబ్బే, అనుమానం కాదండీ!" ఈయన గబుక్కున తెలుగులోకి దిగారు. "డౌట్ అంటే మన తెలుగువాళ్ళకు ఒక ప్రశ్న లాంటిదండీ. మర్యాదగా అడగడం. మీకు తెలియనిదేముంది?"

"నేను ఈడ చదువుకున్నాను. నాకు డౌట్ అంటే డౌటే." ఆవిడ లడ్డూ డబ్బా మూత పెట్టింది. "సరే, ప్రశ్నే అనుకుందాం. ఇన్ని ప్రశ్నలు పెట్టుకోని, రెడీ అని సంతకం ఎట్ల పెట్టినారు?"

ఆవిడ వరసలో పైనున్న దాన్ని నొక్కింది. నేను పెట్టినదే. ‘పేరులో గీత ఉంటే నంబరు రావడం లేదు.’ ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, సంచిలోంచి తన గుర్తింపు కార్డు తీసి టేబుల్ మీద పెట్టింది. విజిటింగ్ కార్డు మీద ఆవిడ ఉత్త కమలాదేవే. ఇందులో మాత్రం ‘కమలాదేవి డి/ఓ పరంధామయ్య’ అని ఉంది. ఫోనులో యాప్ తెరిచి, ఉన్నది ఉన్నట్టుగా కొట్టింది.

థాంక్యూ అంది యాప్. అంతకుమించి ఏమీ అనలేదు.

సీతారామారావు గారు నావైపు చూశారు. నేను లడ్డూ డబ్బా వైపు చూశాను. ఆవిడ ఈసారి తండ్రి పేరు తీసేసి కొట్టింది. టింగుమని నంబరు వచ్చింది.

"మా నాయన్ని తీసేస్తేనే నంబర్ ఇస్తాంది," అంది కమలాదేవి గారు. గొంతు పెంచలేదు. "మా నాయనకు ఎనబై దాటినాయి. ఆయన పేర్లో కూడా ఇది ఉండాది. ఆయన ఈ యాప్ ఎట్ల వాడేది?"

"చిన్న..." అని మొదలుపెట్టి ఈయన ఆపేశారు. ఆ మాట మధ్యలో ఆగడం నేను చూసింది అప్పుడే. నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. జాలి కూడా వేసింది, కానీ అది తర్వాత.

అప్పగింత ఆగిపోయింది. కమలాదేవి గారు వెళ్ళేముందు రెండు మాటలు చెప్పింది. పట్టికలో ‘డౌట్’ తీసేసి, ఫెయిల్‌ను ఫెయిల్ అనే పెట్టి డిఫెక్టుల లెక్కలో చేర్చాలి. ఇంకేదీ ముట్టుకోకూడదు, పని పూర్తయ్యేదాకా ఎవరి లాగిన్ ఉందో అదే ఉండాలి. ఆ మార్పు నాతోనే చేయించింది. ఒక్క మాట మార్చి సేవ్ నొక్కాను. డిఫెక్టుల దగ్గరున్న సున్నా కాస్తా మూడొందల చిల్లరైంది. సాయంత్రానికి పైనుంచి కబురొచ్చింది. డెలివరీ హెడ్‌గా ఇంకెవరినో చూసుకుంటారట.

ఇద్దరం కలిసే స్టేషనుకు నడిచాం. ఆయన ట్రైను తూర్పుకు, పాసిర్ రిస్. నాది పడమరకు, బూన్ లే. లడ్డూ డబ్బా ఆయన చంకలోనే ఉంది. ప్లాట్‌ఫాం మీద దాన్ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు.

"అమూల్యా, చిన్న డౌట్," అన్నారు చివరికి. "ఆ పోస్టు ఇక నాకు రాదంటావా?"

ఆయన మొహం చూస్తే అబద్ధమాడాలనిపించింది. కానీ ఆయన దగ్గర ఇన్నేళ్ళు పనిచేశాక నాకు ఆ సరదా తీరిపోయింది.

"ఫెయిలండీ," అన్నాను.

ఆయన ఉలిక్కిపడి చుట్టూ చూశారు, ఎవరైనా విన్నారేమోనని. తర్వాత సర్దుకుని, "అంత మాటెందుకమ్మా? పెండింగ్ అనుకుందాం. గ్రూపులో కూడా అలాగే పెడతాను," అన్నారు.

గ్రూపులో పెట్టడానికే ఫోను తీశారు. ఈలోగా అది టింగుమంది. ఆఫీసులో సాయంత్రం పరీక్షలు మొదలయ్యాయి. నేను పక్కనుంచి చూశాను. ‘ఫెయిల్. నమోదు చేసినవారు సీతారామారావు.’ ఆయన దాన్ని పక్కకు తోశారు. మళ్ళీ టింగుమంది. ‘ఫెయిల్. నమోదు చేసినవారు సీతారామారావు.’ వెంటనే ఇంకోటి. ఒక్కొక్కటీ ఆయనతో పాటు కమలాదేవి గారికీ, మా పైవాళ్ళకూ వెళుతోంది.

"దీన్ని ఆపే మార్గం లేదామ్మా?" అన్నారు.

"తప్పులు సరిచేస్తే ఆగుతుందండీ."

పాసిర్ రిస్ ట్రైను వచ్చింది. "వెళ్ళొస్తానమ్మా," అని ఎక్కారు. తలుపులు మూసుకునే లోపల ఆయన జేబులోంచి ఇంకో రెండుసార్లు టింగుమని వినబడింది.