మూడో ప్రెస్సు ఎడమ బటన్

డబ్బా మూతలు కొట్టే ఆ షెడ్డులో ఫిట్టరును అందరూ బావగారనే పిలుస్తారు. మూడో ప్రెస్సు మీద పనిచేసే అమ్మాయి ఆయన తమ్ముడి భార్య. ఆమె పిలుపు పక్కవాళ్ల నోళ్లకు అంటుకుంది. చివరికి ఆయన కన్నా పదేళ్లు పెద్దదైన స్వీపరమ్మ కూడా "బావగారూ, కాస్త కాళ్లు తీయండి, ఊడ్చుకుంటాను" అంటుంది. ఇదంతా నాకు చెప్పినంతసేపట్లో ఆయన నవ్వింది ఈ ఒక్కచోటే.

ప్రెస్సుకు రెండు బటన్లుంటాయి, మధ్య మూరెడు ఎడం. రెండు చేతులతో రెండూ నొక్కితేనే రేకును మూతగా కొట్టే అచ్చు కిందికి దిగుతుంది. అంటే అచ్చు దిగే వేళకు దాని కింద చెయ్యి ఉండే వీల్లేదు. ఇంత తెలివైన ఏర్పాటునూ ప్రెస్సుల మీద పనిచేసే ఆడవాళ్లు సైకిల్ ట్యూబు ముక్కతో ఓడించారు. ఎడమ బటన్‌ను నొక్కి ట్యూబుతో కట్టేస్తే అది నొక్కినట్టే ఉండిపోతుంది. ఎడమచెయ్యి రేకు సర్దుతుంటే కుడిచెయ్యి రెండో బటన్ చూసుకుంటుంది. గంటకు అరవై మూతలు ఎక్కువ పడతాయి.

బావగారు రోజూ పొద్దున్నే ఆ ట్యూబులన్నీ కోసి జేబులో వేసుకునేవాడు. టీ వేళకల్లా కొత్తవి మొలిచేవి. ఇంట్లో జేబులు ఖాళీ చేస్తుంటే, సైకిల్ షాపేమైనా పెడుతున్నారా అని భార్య దెప్పేది.

మూడో ప్రెస్సు దగ్గర మాత్రం ట్యూబు కోశాక కూడా ఆయన కాళ్లు కదిలేవి కావు. మరదలి వేళ్లు ఆమె కూతురికి జడ వేయడం ఆయన రోజూ ఇంట్లో చూస్తాడు. ఆమెకు నేరుగా చెప్పలేక తమ్ముడితో చెప్పించాడు. లెక్క తగ్గితే మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారు, బావగారికి తెలియనిదా అని ఆమె అతనితోనే కబురు పంపింది. తెలుసు. అందుకే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లాడు. రిజిస్టర్లో రాయమన్నాడాయన. బావగారు రోజుకొకటి చొప్పున పదకొండు సార్లు రాశాడు. పదకొండు సార్లూ కింద సూపర్‌వైజరు సంతకం పడింది.

"సంతకం మాత్రం రోజురోజుకీ గుండ్రంగా తయారైందండీ," అన్నాడు నాతో.

పన్నెండో రోజు అచ్చు ఆమె గ్లోవు చివర కొరికేసింది. గుడ్డ పోయింది, వేలు మిగిలింది. బావగారు కరెంటు ఆపి, వైరు ఊడదీసి, మూడో ప్రెస్సుకు 'రిపేరు' అని అట్ట తగిలించాడు. బటన్ కట్టేసి ఉంటే మిషనే కదలకుండా చేసే విడిభాగం ఒకటి ఉంది. అది తెప్పించి బిగించాలని ఆయన ఆలోచన. రెండు రోజుల పని.

గంట తిరక్కుండా సూపర్‌వైజరు గోడవారగా పట్టా కప్పి ఉన్న పాత ప్రెస్సును బయటికి లాగించి, ఆమెను దాని ముందు కూర్చోబెట్టాడు. దానికి బటన్లే లేవు. కాలితో పెడలు తొక్కాలి. రెండు చేతులూ ఖాళీ. రెండూ అచ్చు దగ్గరే.

మధ్యాహ్నం ఆమే పిలిచింది. "బావగారూ, ఈ పెడలు రాయిలా ఉంది. పిక్క లాగేస్తోంది. కాస్త స్ప్రింగు వదులు చేద్దురూ."

"ఎల్లుండికి నీ మిషను అయిపోతుందమ్మా. ఈ రెండ్రోజులూ ఇంట్లో ఉండకూడదూ?"

"ఉంటే మూడోరోజు ఈ స్టూలు మీద ఇంకెవరో ఉంటారు. నా మిషన్ని ఆపింది మీరే కదండీ."

ఆ మాటలో కోపం లేదట. కోప్పడి ఉంటే బాగుండేదన్నాడు.

స్ప్రింగు వదులు చేస్తే పాదం ఊరికే ఆనినా అచ్చు దిగుతుంది. బిగువుగా ఉంచితే సాయంత్రానికి కాలు అలిసి పెడలు మీదే ఉండిపోతుంది, అచ్చు ఇంకోసారి దిగుతుంది. స్పానరు పట్టుకుని ఆయన స్టూలు పక్కన చాలాసేపు కూర్చున్నాడు. పైన ఆమె చేతులు రేకులు సర్దుతూనే ఉన్నాయి. చివరికి నట్టు అరచుట్టు తిప్పాడు.

ఎటువైపని అడిగాను.

"వదులుకే," అన్నాడు. "తొక్కి చూసి, ప్రాణం లేచొచ్చింది బావగారూ అంది."

సూపర్‌వైజరు కేకేసేదాకా ఆయన ఆ నేల మీదే కూర్చుని, ఆమె పాదాన్ని చూస్తూ ఉండిపోయాడట.